గొంతులో దుమ్ము

భూగర్భ గనిలోకి దిగే ముందు ఒక తనిఖీ ఉంటుంది. టోపీకి క్యాప్‌ల్యాంపు తగిలించుకొని, నడుముకు బ్యాటరీ బిగించుకొని వచ్చిన కార్మికుడి జేబులు తడిమి చూస్తారు. వెతికేది బీడీకట్ట కోసం, అగ్గిపెట్టె కోసం. బొగ్గుపొరల్లోంచి మీథేన్‌ ఊరుతూనే ఉంటుంది. గాలిలో దాని పాలు 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వ పడితే చాలు, పేలుతుంది. అందుకే 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలైనా, వాటి స్థానంలో వచ్చిన 2017 నిబంధనలైనా, పొగతాగే సరంజామా ఏదీ కిందికి పోకూడదంటాయి. పొగ మానమని దేశంలో ఎన్ని చోట్ల బోర్డులు పెట్టినా, ఆ మాట ఇంత గట్టిగా చెల్లే చోటు మరొకటి ఉండదేమో.

కానీ నికోటిన్‌కు అలవాటు పడ్డ మెదడు ఎనిమిది గంటల షిఫ్టంతా ఓపిక పట్టదు. రక్తంలో నికోటిన్‌ సగానికి పడిపోవడానికి రెండు గంటలు చాలు. అప్పటినుంచి చిరాకు, ఆవులింతలు, చేతులకు ఏదో వెలితి. కాబట్టి బీడీ బాయి (గని) పైనే ఆగిపోయింది, పొగాకు మాత్రం కిందికి దిగింది. అరచేతిలో చిటికెడు తంబాకు, దాని మీద గోటితో తీసిన తడిసున్నం, బొటనవేలితో నాలుగు నలుపులు, రెండు చరుపులు, ఆపైన కింది పెదవి వెనక్కి. చూడ్డానికి తాతలనాటి అలవాటు. నిజానికి అది అరచేతిలో జరిగే రసాయనశాస్త్రం. ఆకులోని నికోటిన్‌లో చాలా భాగం లవణరూపంలో ఉంటుంది, ఆ రూపంలో నోటిపొరను సులువుగా దాటలేదు. సున్నం క్షారం. అది తగలగానే నికోటిన్‌ ఆ రూపం విడిచి పొరలోంచి రక్తంలోకి జారిపోతుంది. సున్నం లేకుండా నమిలితే ‘ఎక్కదు’ అని కార్మికులు చెప్పే మాటకు అర్థం ఇదే.

కథ ఇక్కడితో ఆగితే ఇది పెద్దల అలవాటు గురించిన అధ్యాయం అయ్యేది. కానీ తండ్రి చొక్కా జేబులో మిగిలిన పొట్లం కొడుకు చేతికి అందుతుంది. తండ్రికి బాయిలో బీడీ కుదరదు, అందుకు తంబాకు. బాయి మొహమే చూడని పదిహేనేళ్ళ పిల్లవాడికి ఆ కారణం లేదు, అలవాటు మాత్రం ఉంది. అతనికి దొరికేది ఇంకా తియ్యగా, సువాసనతో, రంగురంగుల పొట్లంలో వచ్చే గుట్కా. అందులో పొగాకుతోపాటు వక్క ఉంటుంది. వక్క ఒక్కటే అయినా క్యాన్సర్‌ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్‌ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. వక్క నములుతూ పోతే చెంపల లోపలి మెత్తటి పొర తోలులా గట్టిపడి, నోరు క్రమంగా తెరుచుకోవడం మానేస్తుంది. గుట్కాను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లోనే నిషేధించారు, తెలంగాణలోనూ ఆ నిషేధాన్ని పొడిగిస్తూ వచ్చారు. పాన్‌డబ్బాల్లో అది ఎప్పుడు దొరకలేదో చెప్పడం కష్టం.

ఈ అలవాట్లు కనిపించే బొగ్గు ఊళ్ళలో ఒకటి గోదావరిఖని. పేరులోనే ఖని ఉంది. గోదావరి ఒడ్డున 1960ల నుంచి ఒక్కో బాయీ తెరుచుకుంటూ పోగా ఊరు పుట్టింది. జీడీకే అనే మూడక్షరాల వెనక ఒక అంకె చేరిస్తే బాయి పేరు. ‘ఎయిట్‌ ఇంక్లైన్‌ కాలనీ’ అంటూ కాలనీలకూ బాయి నంబర్లే పేర్లయ్యాయి. పక్కనే ఎన్టీపీసీ పొగగొట్టాలు, ఎరువుల ఫ్యాక్టరీ. నెలనెలా జీతం వచ్చే ఊరు, మూడు షిఫ్టులుగా నిద్రపోయే ఊరు. ఇక్కడ క్వార్టర్‌ అన్న మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి కంపెనీ ఇచ్చిన ఇల్లు, రెండోది 180 మిల్లీలీటర్ల సీసా. రెండోది మొదటిదాన్ని ఖాళీ చేయించిన సందర్భాలు బొగ్గుబెల్టులో ప్రతి వీధికీ తెలుసు. వడ్డీ వ్యాపారి దగ్గర ఏటీఎం కార్డు తాకట్టు పెట్టి జీతం రోజున అతని వెంట బ్యాంకుకు నడిచే కార్మికుడు కూడా ఇక్కడ కొత్త మనిషి కాదు.

ఎందుకు తాగుతావంటే పాతతరం చెప్పే జవాబు ఒకటుంది. రోజంతా బొగ్గుదుమ్ము మింగుతాం, సాయంత్రం రెండు పెగ్గులు పడితే గొంతులో దుమ్ము కడుక్కుపోతుందని. వినడానికి న్యాయంగానే ఉంటుంది. శరీరం మాత్రం ఆ లెక్కన కట్టి లేదు. గొంతు దాటాక దారి రెండుగా చీలుతుంది. మందు వెళ్ళేది అన్నవాహికలోంచి పొట్టలోకి, దుమ్ము వెళ్ళేది శ్వాసనాళంలోంచి ఊపిరితిత్తుల్లోకి. ముక్కులో, గొంతులో చిక్కే లావు దుమ్ము చీమిడితోనో కళ్ళెతోనో బయటికి వచ్చేస్తుంది. ప్రమాదమంతా కంటికి కనపడని, 5 మైక్రాన్ల కంటే చిన్న రేణువులతోనే. అవి గాలిగదుల దాకా పోయి అక్కడే తిష్ఠ వేస్తాయి. ఏ సీసా అక్కడిదాకా చేరదు.

దుమ్మును బయటికి తోయడానికి శ్వాసనాళాల గోడల మీద సన్నని కేశాలు ఉంటాయి. వరిచేను గాలికి ఊగినట్టు ఒకే వైపు ఊగుతూ కళ్ళెను పైకి నెడుతుంటాయి. పొగ వాటిని మొద్దుబారుస్తుంది. ఏళ్ళ తరబడి ఎక్కువగా తాగితే మద్యమూ అంతే చేస్తుంది, గాలిగదుల్లో చెత్త ఏరే కణాలను కూడా బలహీనపరుస్తుంది. అంటే దుమ్ము కడగడానికని పోసుకున్నది, దుమ్ము ఊడ్చే చీపురునే విరిచేస్తోంది.

రెండో జవాబు నిద్ర. వారానికొకసారి షిఫ్టు మారే మనిషికి నిద్ర నిజంగానే ఒక సమస్య, దాన్ని తేలిక చేయకూడదు. తాగితే నిద్ర తొందరగా పడుతుందన్నదీ అబద్ధం కాదు. కాకపోతే ఆ నిద్ర రెండో సగంలో ముక్కలవుతుంది, కలల నిద్ర తగ్గుతుంది, లేచేసరికి ఒళ్ళు బరువు. ఇక్కడ చిన్న లెక్క. విస్కీ, బ్రాందీ సీసాల మీద 42.8 శాతం అని రాసి ఉంటుంది. 180 మి.లీ. క్వార్టర్‌లో అది 77 మి.లీ. స్వచ్ఛమైన ఆల్కహాలు, తూకంలో దాదాపు 61 గ్రాములు. మామూలు కాలేయం గంటకు దాదాపు ఏడెనిమిది గ్రాములే కరిగించగలదు. నిమ్మరసం తాగినా, చన్నీళ్ళ స్నానం చేసినా ఆ వేగం పెరగదు. రాత్రి 11 గంటలకు క్వార్టర్‌ ముగించిన కుర్రాడు ఉదయం 7 గంటలకు పనిలో నిలబడితే అతని రక్తంలో నిన్నటి మందు ఇంకా పూర్తిగా పోయి ఉండకపోవచ్చు. తలపైన పైకప్పు, పక్కన కదిలే బెల్టు, చేతిలో యంత్రం.

ఇలాంటి రాత్రుల లెక్క చివరికి మస్టరులో తేలుతుంది. సింగరేణి బొగ్గు కంపెనీలో మనిషి విలువను మస్టర్లతో, అంటే హాజరు పడిన రోజులతో కొలుస్తారు. బదిలీ వర్కర్‌గా చేరిన యువకుడు జనరల్‌ మజ్దూర్‌ కావాలంటే ఏడాదికి భూగర్భంలోనైతే 190, ఉపరితలంలోనైతే 240 మస్టర్లు నిండాలి. ఆ బదిలీ వర్కర్లలో చాలామంది తండ్రి ఉద్యోగం అందుకున్నవాళ్ళు. తండ్రి చనిపోయినా, మెడికల్‌ బోర్డు అన్‌ఫిట్‌ అన్నా కొడుకుకు ఉద్యోగం ఇచ్చే పద్ధతి ఏళ్ళ తరబడి ఆగి, తెలంగాణ వచ్చాక కారుణ్య నియామకాల రూపంలో మళ్ళీ మొదలైంది. మస్టర్లు బాగా తక్కువ పడిన కార్మికుణ్ణి భార్యతోనో తల్లిదండ్రులతోనో కలిపి పిలిపించి కౌన్సెలింగ్‌ చేయడం కంపెనీలో ఉన్న ఆనవాయితీ. అయినా మారకపోతే డిస్మిస్‌. ఒక తరం ఊపిరి అమ్ముకొని సంపాదించిన ఉద్యోగం ఆ ఒక్క కాగితంతో పోతుంది.

ఉద్యోగంలాగే తాగుడూ వారసత్వమా? సగం నిజం. కవలల మీద, దత్తత పిల్లల మీద జరిగిన అధ్యయనాలు మద్య వ్యసనంలో జన్యువుల పాలు దాదాపు సగమని చెబుతున్నాయి. అయితే ‘తాగుబోతు జన్యువు’ అంటూ ఒకటి లేదు. ఎంత తాగితే ఎక్కుతుంది, ఎంత తొందరగా విరుగుతుంది, ఎంత తొందరపాటు మనిషి అన్న చిన్నచిన్న లక్షణాలు కలిసి ఆ పాలు అవుతాయి. మిగతా సగం ఇల్లు, వీధి, దోస్తులు, జేబులో డబ్బు. వాటన్నిటికంటే ఎక్కువగా వయసు.

వయసు సంగతి కొంచెం నిలబడి చూడాలి. మెదడులో కావాలనిపించే భాగాలు పదమూడు పద్నాలుగేళ్ళకే ఉరకలు వేస్తాయి. ఆగమని చెప్పే నుదుటి వెనకభాగం పూర్తిగా పండేది పాతికేళ్ళకు. మధ్యలో పదేళ్ళు యాక్సిలరేటర్‌ ఉంది, బ్రేకు ఇంకా బిగిస్తున్నారు. ఎలుకల మీద జరిగిన ప్రయోగాల్లో మరో విచిత్రం బయటపడింది. అదే మోతాదు ఆల్కహాలుకు పెద్ద ఎలుకలు తూలి పడిపోతే, కౌమారంలో ఉన్నవి అంతగా తూలవు, మత్తుగా నిద్రపోవు. జ్ఞాపకశక్తి మాత్రం వాటికే ఎక్కువ దెబ్బ తింటుంది. ‘వాడు ఎంత తాగినా స్టడీగా ఉంటడు’ అని దోస్తులు మెచ్చుకునే కుర్రాడి శరీరం ఆపే గంట కొట్టడం లేదన్నమాట. అమెరికాలో 1997లో వెలువడిన పెద్ద సర్వేలో పదిహేనేళ్ళలోపు తాగడం మొదలుపెట్టినవారిలో దాదాపు 40 శాతం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యానికి బానిసలయ్యారు. ఇరవై దాటాక మొదలుపెట్టినవారిలో అది 10 శాతం. తెలంగాణలో మద్యం కొనడానికి చట్టం పెట్టిన వయసు 21. ఆ అంకె శాస్త్రానికి దగ్గరగానే ఉంది. లైసెన్సు లేని బెల్టుషాపులో కూర్చున్నవాడు వయసు అడగడు, అంతే. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో పదిహేనేళ్ళు దాటిన మగవారిలో 43.3 శాతం మద్యం తాగుతారు. కాబట్టి మొదటి గ్లాసు పోసేది ఎవరో కొత్త మనిషి కాదు. దావత్‌లో బాబాయో, మేనమామో.

కల్లు వేరు కదా అనేవారుంటారు. చెట్టు మీంచి దించిన కల్లు వేరే. చెట్టుకు కట్టిన కుండలోకే గాలిలోని ఈస్టు చేరి చక్కెరను పులియబెడుతుంది, సాయంత్రానికి ఆల్కహాలు నాలుగైదు శాతం. చిక్కంతా చెట్టే లేని కల్లుతో. నీళ్ళు, చక్కెర, తీపిరసాయనం కలిపిన తెల్లటి ద్రవానికి కిక్కు కోసం ఆల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్‌ హైడ్రేట్‌ కలుపుతారు. ఇవి నిద్రమాత్రల జాతి మందులు. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీకల్లు మీద ఒక్కసారిగా దాడులు చేసినప్పుడు నిజామాబాద్‌, మహబూబ్‌నగర్‌ ఆస్పత్రులకూ, హైదరాబాద్‌ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకూ జనం గుంపులుగా వచ్చారు. వణుకు, మూర్ఛలు, పొంతనలేని మాటలు. కల్లు తాగుతున్నామనుకున్న మనుషులు తమకు తెలియకుండానే ఏళ్ళ తరబడి మాత్రలకు బానిసలయ్యారని ఆ వారంలో తేలింది. దుకాణం మూయడం ఒక్కరోజు పని. మూసిన మర్నాడు ఆస్పత్రిలో మంచాలు ఎన్ని ఉన్నాయన్నదే అసలు ప్రశ్న. దాన్ని అప్పుడెవరూ ముందుగా వేసుకోలేదు.

ఇప్పటి కుర్రాళ్ళ మత్తు మాత్రం కుండలోనూ సీసాలోనూ లేదు, పొట్లంలో ఉంది. గంజాయి పండేది ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండల్లో. ఆంధ్ర పోలీసులు 2021లో ‘ఆపరేషన్‌ పరివర్తన’ పేరుతో విశాఖ మన్యంలో ఏడువేల ఎకరాలకు పైగా తోటలు నరికేశారు. అయినా ఒడిశా వైపునుంచి సరుకు ఆగలేదు. భద్రాచలం మీదుగా రోడ్డున్నది, కాజీపేట-బల్లార్షా లైను రామగుండం మీంచే పోతుంది. మందు వాసన రాదు, ఖర్చుకు బిల్లు ఉండదు, ఇంట్లో కనిపెట్టడం కష్టం. పిల్లలు చెప్పే కారణాల్లో ఇవే ఎక్కువ. ‘ఆకే కదా, మందుకంటే నయం’ అన్నది ఇంకొకటి.

ఆ ‘ఆకు’ ఎలా పనిచేస్తుందో కనుక్కున్న చరిత్రలో మన మాట ఒకటి దొర్లింది. ఇజ్రాయెల్‌ శాస్త్రవేత్త రఫాయెల్‌ మెషూలం, తన సహచరుడితో కలిసి 1964లో గంజాయిలోని మత్తుపదార్థం టీహెచ్‌సీని వేరుచేశాడు. బయటి ఆకులోని పదార్థానికి మెదడులో గుర్తించే తలుపులు ఉన్నాయంటే, ఆ తలుపులకు లోపలే ఒక తాళంచెవి ఉండాలి కదా? 1992లో అతని బృందమే దాన్ని పట్టుకుంది. సంస్కృతంలోని ‘ఆనంద’ శబ్దం చేర్చి దానికి ఆనందమైడ్‌ అని పేరు పెట్టారు. శరీరం దాన్ని అవసరమైన చోట, అవసరమైనంత తయారుచేసి, వెంటనే చెరిపేస్తుంది. టీహెచ్‌సీ అలా కాదు. కొవ్వులో దాక్కుని వారాల తరబడి మిగులుతుంది. రోజూ తాగేవాడి మూత్రపరీక్షలో మానేసిన చాలా రోజులకు కూడా అది బయటపడటానికి కారణం అదే. ఆ తలుపులు ఎక్కువగా ఉన్న చోట్లలో జ్ఞాపకాలు కూర్చే భాగం ఒకటి. అందుకే గంజాయి మొదట కొట్టేది చదువును. స్వీడన్‌లో సైన్యానికి పిలిచిన 45 వేల మంది యువకులను పదిహేనేళ్ళు గమనించి 1987లో ప్రచురించిన అధ్యయనంలో, పద్దెనిమిదేళ్ళకే యాభైసార్లకు మించి గంజాయి తాగినవారిలో స్కిజోఫ్రేనియా అసలు తాగనివారికంటే ఆరురెట్లు కనిపించింది. తాగిన ప్రతివాడికీ పిచ్చి పడుతుందని దీనర్థం కాదు. ఇంట్లో ఆ జబ్బు ఉన్న పిల్లవాడు నిప్పుతో ఆడుతున్నాడని అర్థం.

గంజాయికీ డబ్బు లేని పిల్లల మత్తు పంక్చర్‌ సొల్యూషన్‌. గుడ్డకు రాసి పీలుస్తారు. 2019లో ఎయిమ్స్‌ చేసిన జాతీయ సర్వేలో పెద్దలకంటే పిల్లల్లోనే ఎక్కువగా కనిపించిన మత్తు ఈ పీల్చే రకం ఒక్కటే.

మరి ఆపడమెలా? ఈ నేల మీద ఆ ప్రశ్న పాతది. 1990-91లో నక్సలైట్ల పార్టీ పీపుల్స్‌వార్‌ ఉత్తర తెలంగాణలో సారాను నిషేధించింది. తుపాకీ భయం ఉన్నంతకాలం అది చెల్లింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన పోరు ఉమ్మడి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా, 1995 జనవరిలో మొత్తం మద్యం నిషేధమయ్యాయి. 1997లో మద్యం తిరిగొచ్చింది. ఇప్పుడు తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలు. 2023లో వాటి కోసం 1.31 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అప్పుడు ఒక్కో దరఖాస్తుకు 2 లక్షలు, తిరిగివ్వలేదు. అంటే ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,600 కోట్ల పైచిలుకు. ఇంత ఆదాయం చూసిన ప్రభుత్వం మద్యం గురించి చెప్పే నీతిని పిల్లలు నమ్మకపోతే తప్పు పిల్లలది కాదు.

సరఫరా ఒక్కటే కాదు, చోటు కూడా లెక్కలోకి వస్తుందని చూపిన ఉదాహరణలు రెండున్నాయి. వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కు బానిసలైన అమెరికా సైనికులు ఇంటికొచ్చాక ఏమయ్యారో 1970ల్లో లీ రాబిన్స్‌ అనే పరిశోధకురాలు లెక్క తీసింది. అత్యధికులు మళ్ళీ బానిసలు కాలేదు. మందు అదే, మనిషి అతనే, మారింది చోటు. రెండోది ఐస్‌లాండ్‌. 1998లో అక్కడ పదిహేను, పదహారేళ్ళ పిల్లల్లో 42 శాతం మంది గడిచిన నెలలో ఒక్కసారైనా తప్పతాగామని చెప్పారు. 2016కు అది 5 శాతమైంది. వాళ్ళు చేసినవేవీ మాయలు కావు. సాయంత్రాలు పిల్లలకు ఆటలు, సంగీతం, వాటి ఫీజులకు ప్రభుత్వ డబ్బు, రాత్రి పూట వీధుల్లో పిల్లలు తిరగకుండా కట్టుబాటు, ప్రతి బడిలో క్రమం తప్పని సర్వే.

బొగ్గుబెల్టుకు ఇవేవీ పరాయివి కావు. గోదావరిఖనిలో జవహర్‌లాల్‌ నెహ్రూ స్టేడియం ఉంది, సింగరేణిలో కార్మికుల క్రీడాసంఘం ఉంది, సేవాసమితి యువతకు శిక్షణలు ఇస్తుంది. తగ్గిందల్లా వాటి చివర ఉండే ఉద్యోగం. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు దాదాపు 40 వేలు. ఓపెన్‌కాస్టు గనులకు పారలు అక్కర్లేదు, డంపర్లు చాలు. పని లేని సాయంత్రం చాలా పొడుగు.

వైద్యం గురించి ఒక హెచ్చరిక. గోడల మీద ‘తెలియకుండా తాగుడు మాన్పిస్తాం’ అన్న ప్రకటనలు కనిపిస్తాయి. టీలో కలిపే పొడుల్లో డైసల్ఫిరామ్‌ ఉంటే, ఆ తర్వాత మందు తాగిన మనిషికి విషపదార్థం పేరుకొని, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ మాత్రను మనిషికి చెప్పి, డాక్టరు చూపులో మాత్రమే ఇస్తారు. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాణ్ణి గదిలో పెట్టి తాళం వేయడమూ అంతే ప్రమాదం. మొదటి రెండు మూడు రోజుల్లో మూర్ఛలు రావచ్చు. రామగుండంలో 2022 నుంచి ప్రభుత్వ వైద్యకళాశాల ఉంది, మంచిర్యాలలోనూ ఉంది. మత్తు మాన్పించే సలహాకు జాతీయ హెల్ప్‌లైన్‌ 14446, పొగాకుకు 1800 112 356, గంజాయి అమ్మకాల సమాచారానికి రాష్ట్రంలో 1908. కేసు భయంతో దాక్కునే కుర్రాళ్ళ కోసం చట్టంలోనే ఒక తలుపు ఉంది. ఎన్‌డీపీఎస్‌ చట్టం 64-ఏ సెక్షన్‌ ప్రకారం వాడకం, కొద్దిపాటి సరుకు కేసుల్లో, తనంతట తాను చికిత్సకు వచ్చి పూర్తిచేసిన వ్యసనపరుడికి విచారణ నుంచి మినహాయింపు దొరుకుతుంది.

ఇంట్లో గుట్కా నమిలే పిల్లవాడు ఉంటే ఈ రాత్రే ఒకసారి నోరు పూర్తిగా తెరవమనండి. అతని చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు ఒకదాని మీద ఒకటి నిలువుగా పళ్ళ మధ్య పట్టాలి. పట్టకపోతే తిట్టి ఊరుకోకుండా, తెల్లారి దంతవైద్యుడి దగ్గరికి వెంటబెట్టుకొని వెళ్ళండి.